మా వైపు సగం స్లాబు

ప్రభుత్వం ఎక్కడుంటుందని ఎవరైనా నన్నడిగితే, మా ఇంటి ముందున్న మురికికాలువలో ఉంటుందని తడుముకోకుండా చెబుతాను. అదీ మా ఇంటివైపు సగంలోనే. అవతలి సగంలో ఉండే ప్రభుత్వం వేరు. దానికీ మాకూ ప్రస్తుతం మాటల్లేవు.

నవ్వకండి. నేను ఊసుపోక కబుర్లు చెప్పే మనిషిని కాను. కాలువకు ఇటువైపున్న వీధి కమిటీకి కన్వీనర్ని. నా దగ్గర రబ్బరు ముద్ర ఉంది, స్టాంపు ప్యాడ్ ఉంది, హోదా చెక్కిన చిన్న చెక్కముక్క ఉంది. భోజనాల వేళకు మా ఆవిడ ఆ చెక్కముక్కను బల్లమీంచి తీసి ఫ్రిజ్ మీద పెడుతుంది. అంతమాత్రాన హోదా ఎక్కడికీ పోదు.

ఈమధ్య వికేంద్రీకరణ మీద చాలామంది నోరు పారేసుకుంటున్నారు. అధికారాన్ని ముక్కలు చేసి వీధివీధికీ పంచితే పనులు జరగవట! అడిగితే జవాబు చెప్పే నాథుడు ఉండడట! ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. జవాబు చెప్పేవాళ్లు లేకపోవడమేమిటండీ? మా వీధిలో ఇప్పుడు ఇంటికొకరు జవాబు చెబుతున్నారు. ఒకరి జవాబు మరొకరి జవాబుతో కలవదు, నిజమే. జవాబులు కలవాలని ఏ చట్టంలో రాసుంది?

పాత రోజులు మీకు గుర్తున్నాయో లేదో. అప్పట్లో ప్రభుత్వం ఒక్కటే ఉండేది. ఊరి నడిబొడ్డున పెద్దాఫీసు, అందులో ఒక ఇంజనీరు. వీధి దీపం వెలక్కపోయినా, కుళాయిలో నీళ్లు రాకపోయినా, కాలువ పొంగినా అందరం కట్టగట్టుకుని వెళ్లి ఆయన్నే తిట్టేవాళ్లం. బస్సులో కనిపిస్తే బస్సులో తిట్టేవాళ్లం. క్షవరం చేయించుకుంటూ దొరికితే మరీ సుఖం, కదల్లేడు కాబట్టి పూర్తిగా వినేవాడు. ఒంటరి మనిషి ఎన్ని తిట్లని మోస్తాడు? పాపం, ఆ బాధ పడలేక వారం తిరక్కుండా పని చేయించేసేవాడు. ఒక మనిషిని అలా పీడించి పనులు చేయించుకోవడం ఎంత అమానుషమో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పీడ ఒకరోజు విరగడైంది. మా వీధి మొగలో టెంటు వేశారు, మైకు పెట్టారు, రిబ్బను కట్టారు. పెద్దాఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి, నిగనిగలాడే బూట్లాయన, రిబ్బను కత్తిరించి, "ఈ రోజు నుంచి అధికారం మీ గుమ్మంలో ఉంది" అన్నాడు. మేమందరం వెనక్కి తిరిగి ఎవరి గుమ్మాలవైపు వాళ్లం చూసుకున్నాం. మా గుమ్మంలో మా పక్కింటి పిల్లి పడుకుని ఉంది.

తర్వాత పంపకాలు జరిగాయి. కాలువను హద్దుగా పెట్టారు. ఇటు గట్టు మా కమిటీ, అటు గట్టు వేరే కమిటీ. ఇటువైపు కన్వీనర్ని నేను. అటువైపు కన్వీనరు హార్డ్‌వేర్ షాపాయన. ఆయన పరాయివాడు కాడు, స్వయానా నా తోడల్లుడు. మా ఆవిడా, ఆయన ఆవిడా అక్కచెల్లెళ్లు. అంతవరకూ ఎదురుపడితే "ఏం తమ్ముడూ" అని భుజం మీద చెయ్యి వేసేవాడు. కన్వీనరయ్యాక భుజం మీద చెయ్యి వేయడానికి నేను ఆయన పరిధిలో లేనని మానేశాడు.

మా కమిటీలో ఉపసంఘాలు కూడా ఉన్నాయి. బార్బరుకు దీపాలు దక్కాయి. మందుల షాపాయనకు రోడ్లు దక్కాయి. రిటైరైన లెక్కల మాస్టారు హద్దుల ఉపసంఘం తనకే కావాలని పట్టుబట్టి సాధించారు. అందరికీ ముద్రలు పెద్దాఫీసు నుంచి ఠంచనుగా వచ్చాయి. ఎవరి ముద్ర వాళ్ల జేబులో ఉంటుంది. కరచాలనం చేస్తే అరచేతికి ఊదారంగు అంటుకుంటుంది.

ఇక లాభాలు చెబుతాను, వినండి.

మొదటిది సానుభూతి. వెనకటికి వీధి దీపం ఆరిపోతే ఆరిపోయినట్టే ఉండేది, ఎవరూ పలకరించేవారు కాదు. ఇప్పుడు అలా కాదు. మా చివరింటి ముందు దీపం వెలగడం లేదని ఫిర్యాదు రాగానే దీపాల ఉపసంఘం షాపులో కత్తెర పక్కనపెట్టి సమావేశమై, ఏకగ్రీవంగా విచారం వ్యక్తం చేసింది. బల్బు వాళ్లది కాబట్టి బల్బు తరఫున విచారం. స్తంభం రోడ్డు మీద ఉంది కాబట్టి స్తంభం తరఫున రోడ్ల ఉపసంఘం విడిగా విచారం వ్యక్తం చేసింది. తీగ అవతలి గట్టు నుంచి వస్తుంది కాబట్టి తీగ తరఫున మా తోడల్లుడు ఎలాంటి విచారమూ లేదని తెలియజేశాడు. ఒక్క దీపానికి ఇంతమంది పలికిన కాలం ఏదైనా ఉందా?

రెండోది వ్యాయామం. మా గట్టు వాళ్లు తెల్లవారుజామునే లేచి చెత్తనంతా అవతలి గట్టుకు విసిరేస్తారు. అవతలి గట్టు వాళ్లు కాఫీలు తాగి దాన్ని తిరిగి మా గట్టుకు విసురుతారు. చెత్త ఒక చోట కుళ్లే అవకాశమే లేదు, ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది. మా వీధి ఆడవాళ్ల భుజాలు ఎంత గట్టిపడ్డాయో మీరు చూడాలి.

మూడోది ప్రజాస్వామ్యం. మా ఇంట్లోనే చూడండి. మా ఆవిడ వాళ్లక్కతో ఫోన్లో మాట్లాడాలంటే ముందు నా ముఖం చూస్తుంది. అటువైపు వదినగారు కూడా అంతేనట. ఇద్దరూ కూరల ధరలు మాట్లాడుకున్నా అది రెండు ప్రభుత్వాల మధ్య చర్చే అవుతుంది కదా! "మీ ఇద్దరి మొహాలూ మండ" అని మా ఆవిడ ఓసారి అంది. దాన్ని ప్రజాభిప్రాయంగా నమోదు చేసుకున్నాను.

ఇన్ని లాభాలున్నా, కాలువ మీది స్లాబు ఒకటి విరిగిందని మా పద్ధతినే తప్పుపట్టేవాళ్లున్నారు. అందుకని ఆ స్లాబు కథ నేనే చెప్పేస్తాను. దాచుకోవడానికి మాదేమీ పాత ప్రభుత్వం కాదు.

స్లాబు సంగతి చెప్పాలంటే ముందు మా మేనత్త గురించి చెప్పాలి. మా పక్క వాటాలో ఉంటుంది. వృత్తి టైలరింగు. ముందుగదంతా ఒక పొడవాటి కటింగ్ బల్ల, కిటికీ పక్కన మిషను, మూల గుడ్డపీలికల మూట. నా పెళ్లి చొక్కా కూడా ఆవిడే కుట్టింది. ఒక చెయ్యి కాస్త పొట్టిగా ఉంది అత్తయ్యా అంటే, "చొక్కా సరిగ్గానే ఉందిరా, నీ చెయ్యే పొడుగు" అంది. ఆ చొక్కా వేసుకున్నప్పుడల్లా నేను నా చేతినే అనుమానంగా చూసుకుంటాను.

కిందటి చలికాలంలో ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు నెమ్మదిగా దారికొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తుంది. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు గుప్పిట్లోకి ముడుచుకుపోతాయి. కాలువ అవతల ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకతె ఉంది. రోజూ వచ్చి తన చేత వేళ్లు ఒక్కొక్కటే విప్పించుకుని సాగదీయించుకుంటే, మళ్లీ కత్తెర పట్టుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. మధ్యలో మానేస్తే మటుకు ముడుచుకున్న వేళ్లు అలాగే బిగుసుకుపోతాయని కూడా చెప్పింది. "కత్తెర పట్టుకుంటే చాలమ్మా, సూదిలో దారం ఎవరిచేతైనా ఎక్కించుకుంటాను" అంది అత్తయ్య. అప్పటి నుంచి రోజూ సాయంత్రం కర్ర పొడుచుకుంటూ కాలువ మీది స్లాబు దాటి వెళ్లేది. చూపుడువేలు కొంచెం కొంచెంగా కదలడం మొదలైంది కూడా.

అలాంటి సమయంలో నీళ్ల ట్యాంకరు వెనక్కి తిప్పుకుంటూ స్లాబెక్కింది. స్లాబు నడిమికి విరిగి కాలువలో కూర్చుంది.

మరో దారి లేదా అని మీరడగొచ్చు. ఉంది. వీధికి రెండో చివర కూడా రోడ్డే. కాకపోతే దాన్ని పైపుల కోసం మూడో కమిటీ ఒకటి తవ్విపెట్టింది. పైపులు తేవడం నాలుగో కమిటీ పని. అంచేత కుర్రకారు కాలువ గెంతి వెళ్తున్నారు, వయసు మళ్లినవాళ్లు ఇంట్లో కూర్చుని వికేంద్రీకరణ గురించి ఆలోచిస్తున్నారు. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి కాలువలోకి దిగి మోసుకెళ్తామని పక్కింటివాళ్లు ముందుకొచ్చారు. మొదటి రోజే కుర్చీ ఒరిగి ఆవిడ చీర కుచ్చిళ్లు మురుగులో పడ్డాయి. "నలుగురు మోసే రోజు వచ్చినప్పుడు చూద్దాం, ఇప్పుడే తొందరెందుకు" అని మళ్లీ ఎక్కనంది.

మా కమిటీ చేతులు ముడుచుకుని కూర్చుందని అనుకుంటున్నారా? ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాను. లెక్కల మాస్టారు టేపు పట్టుకుని కాలువ అడ్డంగా కొలిచి, విరిగిన స్లాబు మీద సరిగ్గా మధ్యన సుద్దముక్కతో గీత గీశారు. గీతకు ఇటువైపు స్లాబు మాది, అటువైపు స్లాబు వాళ్లది. సుద్దగీత మురుగులోని స్లాబు మీద ఎంత తీరుగా ఉందంటే, కాలువకే ఒక కళ వచ్చింది.

తోడల్లుడితో చర్చలకు వెళ్లాను. గట్టు మీద ఇటు నేను, అటు ఆయన నిలబడి మాట్లాడుకున్నాం.

"అన్నగారూ, మీ సగం మీరు వేస్తే మా సగం మేం వేస్తాం" అన్నాను.

"మా సగం మేమెందుకు వెయ్యాలి తమ్ముడూ? ట్యాంకరు మీ గట్టు మీంచి ఎక్కింది. పగులు మీ వైపు పుట్టి మా వైపు వచ్చింది."

"పగులు ఎక్కడ పుట్టినా స్లాబు సగం మీదే కదా?"

"స్లాబు సగం మాదే. పగులు మొత్తం మీది. మీ పగులు మీరు వెనక్కి తీసుకోండి, మా స్లాబు సంగతి మేం చూసుకుంటాం."

వాదనలో ఎక్కడా లొసుగు లేదు. నాకు మనసులో ముచ్చటేసింది. ఇంత న్యాయవిజ్ఞానం ఇన్నాళ్లూ మేకులమ్ముకుంటూ వృథా అయిపోయింది కదా అనిపించింది.

ఆ చర్చ జరుగుతున్నంతసేపూ అత్తయ్య మా గుమ్మంలో కుర్చీ వేసుకుని వింటూ ఉంది. అంతా అయ్యాక నన్ను పిలిచింది.

"ఒరేయ్, ఇంతకీ నేనెవర్ని తిట్టాలి?"

"అలా అడక్కూడదత్తయ్యా. ఇది పాత పద్ధతి కాదు. ఇప్పుడు బాధ్యత అందరిదీ."

"అందర్నీ తిట్టే ఓపిక నాకు లేదు. ఒక్కడిని చూపించు."

ఆవిడకు వికేంద్రీకరణ అర్థం కావడానికి ఇంకా కొంత సమయం పడుతుందని గ్రహించి, పెద్దాఫీసుకు బయల్దేరాను. కాలువ గెంతేటప్పుడు కన్వీనరు హోదాకు కొంత మురుగు అంటింది.

బూట్లాయన నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. స్లాబు విరిగిందని చెప్పాను.

"చాలా బాధాకరం" అన్నాడు. "మీరేం చర్య తీసుకున్నారు?"

ప్రశ్న అడుగుదామని వెళ్లినవాణ్ని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఎంత గొప్ప మార్పో చూడండి! వెనకటి రోజుల్లో సంజాయిషీ ఆ కుర్చీలో ఉన్నవాడు చెప్పేవాడు. ఇప్పుడు ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నవాడు చెబుతున్నాడు. పెద్దాఫీసుకు మాత్రమే పరిమితమైన సంజాయిషీని సామాన్యుడి దాకా తెచ్చారంటే మాటలు కాదు.

"సిమెంటు, ఇసుక, ఇనుపచువ్వలు కావాలండి. ఒక మేస్త్రీ కూడా" అన్నాను.

"మీకు అధికారం ఇచ్చాం. బాధ్యత ఇచ్చాం. ముద్ర ఇచ్చాం."

"సిమెంటు ఇవ్వలేదండి."

"సిమెంటు అధికారం కిందికి రాదండీ. అది సరుకు."

"పోనీ, సరుకు ఎవరి దగ్గరుంది?"

"స్టోర్సులో ఉంది. తాళం నా దగ్గరే ఉంది. కానీ మీ కాలువ మీద నాకిప్పుడు ఎలాంటి అధికారమూ లేదు. అధికారం లేని చోటికి నేను సిమెంటు ఎలా పంపుతాను? మీరే చెప్పండి."

ఆయన టీ తెప్పించాడు. టీ ఇచ్చే అధికారం ఆయన దగ్గరే ఉన్నట్టుంది.

వీధికి తిరిగొచ్చి, ఎవరింట్లో మరమ్మతులు చేయించగా మిగిలిన సిమెంటు వాళ్లను తెమ్మన్నాను. అడుగూ బొడుగూ గడ్డకట్టిన బస్తాలు నాలుగు వైపుల నుంచీ వచ్చాయి. మా సగం స్లాబు పోశాం. అక్కడ ఒక చిన్న ఇబ్బంది ఎదురైంది. మామూలు స్లాబైతే ఈ గట్టు మీద ఒక కొస, ఆ గట్టు మీద ఒక కొస ఆనుకుంటుంది. సగం స్లాబుకు రెండో కొస ఎక్కడ ఆనాలి? గాలిలో ఆనదు. అందుకని కాలువ నడుమ ఒక పొట్టి దిమ్మె కట్టి దాని మీద ఆనించాం. దిమ్మె వెడల్పులో ఒక్క పిసరు కూడా సుద్దగీత దాటకుండా లెక్కల మాస్టారు మోకాలు లోతు మురుగులో నిలబడి కాపలా కాశారు.

మర్నాటికి దిమ్మెకు కవర్లు, కొమ్మలు, ఒక చిరిగిన పరుపు అడ్డుపడి కాలువ పొంగి వీధిలోకొచ్చింది. కాలువలో ఉన్నంతవరకే నీళ్లు నావి. రోడ్డెక్కిన నీళ్లు రోడ్ల ఉపసంఘానివి. మందుల షాపాయన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, ఆ నీళ్లను తాను స్వీకరించలేదని నా ముందు ప్రకటించి వెళ్లాడు.

అయితేనేం, సగం స్లాబు తయారైంది కదా! దాని మీద నడిచి సగం కాలువ దాటొచ్చు. మనం ఎప్పుడూ దాటలేని సగం గురించే ఏడుస్తాం గానీ, దాటగలిగిన సగం గురించి సంతోషించం. అత్తయ్య రోజూ సాయంత్రం కర్ర పొడుచుకుంటూ వచ్చి స్లాబు కొసన నిలబడేది. అవతలి గట్టుకు ఆ ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయి ఇటువైపు గెంతి రావచ్చు, కానీ డ్యూటీలో ఉండగా హద్దు దాటితే అటువైపు కమిటీ ఒప్పుకోదు. ఇటువైపు వాళ్లకు ఇటువైపే ఆరోగ్య కేంద్రం మంజూరైంది కాబట్టి. దాని బోర్డు వచ్చేసింది కూడా, గది ఒక్కటే రావాలి.

అందుకని ఆ అమ్మాయి అవతల నుంచి అరిచేది.

"అమ్మా, మోచెయ్యి పైకి ఎత్తండి. ఇంకొంచెం. ఇప్పుడు వేళ్లు విప్పండి."

అత్తయ్య మోచెయ్యి ఎత్తేది. ఆవిడతోపాటు అరుగుల మీద కూర్చున్నవాళ్లందరూ ఎత్తేవారు. బార్బరు అయితే గడ్డం సగం గీసిన మనిషిని వదిలేసి వచ్చి మరీ ఎత్తేవాడు. తన నడుంనొప్పి పోయిందని ఇప్పటికీ చెబుతాడు. కాలువ ఒడ్డున ఇంత సామూహిక ఆరోగ్యం పాత ప్రభుత్వం ఏనాడైనా ఇచ్చిందా?

ఒక్క అత్తయ్య వేళ్లు మాత్రం విచ్చుకోలేదు. అవి అరిస్తే విచ్చుకునే రకం కాదు. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, పట్టుకుని, తెలిసిన పద్ధతిలో సాగదీయాలి. నేనూ ప్రయత్నించాను, ఆవిడ నొప్పితో పళ్లు బిగబట్టింది, నేను భయపడి వదిలేశాను. రోజులు గడిచేకొద్దీ కదలడం మొదలైన ఆ చూపుడువేలు కూడా లోపలికి ముడుచుకుపోసాగింది. అవతలి గట్టు మీంచి ఆ అమ్మాయి అది చూసి ఒకరోజు అరవడం మానేసింది.

"అమ్మా, ఇంకా ఆలస్యమైతే నేను కూడా ఏం చెయ్యలేను" అంది, మామూలు గొంతుతో. ఆ గొంతు కాలువ దాటి స్పష్టంగా వినిపించింది.

ఆ రాత్రి అత్తయ్య సరిగ్గా తినలేదని మా ఆవిడ చెప్పింది. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, ముందుగదిలో ఉన్న కటింగ్ బల్ల చూపించింది.

"దీని కాళ్లు ఊడదీసి, పైచెక్క ఆ కాలువ మీద వెయ్యండి."

"అత్తయ్యా, అది నీ కటింగ్ బల్ల."

"చెయ్యి రాకపోతే బల్ల పెట్టుకుని ఏం చేస్తానురా, దాని మీద పడుకోనా? చెయ్యి వస్తే అప్పుడు కాళ్లు మళ్లీ బిగించుకుందాం."

కాదనడానికి నాకు నియమాలేవీ గుర్తురాలేదు. బార్బరూ నేనూ, పక్కింటివాళ్లూ కలిసి ఆ చెక్కను మోసుకెళ్లి మా గట్టు నుంచి అవతలి గట్టు దాకా వేశాం. ఎన్నో ఏళ్లుగా గుడ్డలు పరిచి పరిచి నున్నగా అయిపోయిన చెక్క అది. సుద్దగీతలు దాని నిండా ఉన్నాయి, చొక్కాలవీ లంగాలవీ. అవతలి కొస కిందికి మా తోడల్లుడు చడీచప్పుడు లేకుండా వచ్చి ఒక ఇటుక తోశాడు. నేను చూశాను. తాను చెయ్యలేదని ఇప్పటికీ అంటాడు.

ఆ సాయంత్రం అత్తయ్య తన బల్ల మీద తానే నడిచి కాలువ దాటింది. ఆ అమ్మాయి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. చీకటిపడే వేళకు తిరిగొచ్చి, అరుగు మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని మా అందరికీ చూపించింది. చూపుడువేలు కొద్దిగా, చాలా కొద్దిగా, పైకి లేచింది. మా ఆవిడ ముక్కు చీదుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. కన్వీనర్లు ఏడవకూడదని ఎక్కడా లేదు కాబట్టి కాసేపు తలుపు చాటుకు వెళ్లాను.

పాఠకులారా, వికేంద్రీకరణకు ఇంతకన్నా పరిపూర్ణమైన రూపం ఉంటుందా? అధికారం పెద్దాఫీసు నుంచి వీధికి, వీధి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ముందుగదికి దిగి, చివరికి ఒక టైలరమ్మ కటింగ్ బల్ల దాకా వచ్చింది. ఇక్కడితో ఈ వ్యాసం ముగిస్తే చాలా బాగుండేది. మర్నాడు సాయంత్రం నేను అలాగే ముగించి, పత్రికకు పంపడానికి చొక్కా కూడా వేసుకున్నాను.

ఇంతలో అవతలి గట్టు మీద లారీ ఆగిన చప్పుడైంది.

స్లాబు విరిగినప్పుడు రాని లారీ. కాలువ పొంగినప్పుడు రాని లారీ. అందులోంచి బూట్లాయన దిగాడు. వెనక నలుగురు కూలీలు కూడా దిగారు. అత్తయ్య అప్పుడే కర్ర పట్టుకుని సాయంత్రం వ్యాయామానికి బయల్దేరి గట్టు దాకా వచ్చింది. ఆయన విచారణ జరపడానికి ఆ బల్ల మీదుగానే, మధ్యలో ఒకసారి గట్టిగా తొక్కి చూసుకుంటూ, మా గట్టుకు నడిచొచ్చాడు.

"ప్రభుత్వ కాలువ మీద అనుమతి లేకుండా ఈ చెక్క వేసిందెవరు?"

"నేనే. నువ్వెవరు నాయనా?" అంది అత్తయ్య.

"ఈ కాలువకు అధికారినమ్మా."

"ఇటువైపు సగానికా, అటువైపు సగానికా?"

"సగమేంటమ్మా, కాలువ మొత్తం మాదే."

లెక్కల మాస్టారు కాలువ నడుమ తాను గీసిన గీతవంక ఒకసారి చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అవతలి గట్టు మీద మా తోడల్లుడు నా వంక చూశాడు. కన్వీనర్లమయ్యాక మేమిద్దరం తోడల్లుళ్లలా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

నాకు కోపం వచ్చింది. కన్వీనరుగా కాదు, మేనల్లుడిగా.

"ఈ కాలువ మీద మీకే అధికారమూ లేదన్నారు కదండీ. అంతా మాకిచ్చేశామన్నారు."

"వేసే అధికారం మీకిచ్చామండీ" అన్నాడు ఎంతో శాంతంగా. "తీసే అధికారం మాది."

"మరి మీరు తీసేస్తే ఈవిడ అవతలికి ఎలా వెళ్లాలి?"

"అది మీ కమిటీ చూసుకోవాలి. ఆ బాధ్యత మీదే."

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్నాళ్లుగా తాను వెతుకుతున్న మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడని ఆవిడకు నాకన్నా ముందే అర్థమైంది. కర్ర నాకిచ్చి, గట్టు మీద కూర్చుని, ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. కుడిచేత్తో కూడా పట్టుకోబోయింది. వేళ్లు విచ్చుకోక గుప్పిటే అంచుకు ఆనించి ఉంచింది. తిడుతుందనుకున్నాను. వీధంతా అదే అనుకుంది. ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

"మాకిచ్చానంటున్నావే, ఆ అధికారం నువ్వే పట్టుకెళ్లు నాయనా. మాకొద్దు. నా బల్ల ఒక్కటి ఇక్కడ వదిలెయ్."

ఆయన సరేనన్నట్టు తలాడించి, అదే బల్ల మీదుగా అవతలి గట్టుకు నడిచి వెళ్లాడు. వెళ్లాక, అధికారమూ బల్లా రెండూ లారీలో వేయించుకుని పట్టుకెళ్లాడు.